తలుపుకు వీపు పెట్టిన కుర్చీ

పోయిన నెల మా ఇంటామె చనిపోయింది. జమ్మలమడుగు ఆసుపత్రిలో, పొద్దున పూట, నర్సు జ్వరం చూసి వెళ్లిన కాసేపటికి. తెలిసినవాళ్లందరికీ కబురు చేయలేకపోయాను. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆమె బడిలో టీచరు. సుద్దముక్క పట్టిన చేత్తోనే కొంగు సర్దుకునే అలవాటు. ఏ చీర కట్టినా ఎడమ భుజం మీద తెల్లటి మరక ఉండేది.

మేము పులివెందులలో ఉన్న రోజుల్లో ఊళ్లు రెండు పక్షాలుగా చీలి ఉండేవి. బి.ఎ. చదివినవాణ్ని కనుక ఒక నాయకుడి ఇంట్లో అర్జీలు, కరపత్రాలు రాసేవాణ్ని. సాయంత్రమైతే ఆ వసారాలో అందరికీ సారా పోసేవారు. మొదట మొహమాటానికి తాగాను. తర్వాత పొద్దున లేవగానే కావలసి వచ్చింది. ఇట్లాగే తాగితే ఎంతో కాలం బతకనని డాక్టరు చెప్పాడు. కానీ ఎన్నికల ముందు గ్లాసు వద్దన్నవాడు అవతలి పక్షంలో కలిసినట్టే లెక్క.

ఆమె ఆ డాక్టరునే పట్టుకుంది. తాగుడు మానాలనుకునేవాళ్లు ఆదివారం మధ్యాహ్నం ప్రొద్దుటూరులో కూడుతారని, ఒక చర్చి వెనక గదిలో అని ఆయన చెప్పాడు. బోర్డు ఉండదన్నాడు. ఏ చర్చో ఆయనకే సరిగా తెలియదు. ఆ తర్వాతి ఆదివారమే ఆమె నన్ను బస్సెక్కించింది. దిగి, టీ అంగడాయనను మీటింగు ఎక్కడని అడిగింది.

"యా పార్టీదక్కా?"

"తాగుడు మానేటోళ్లది."

"ఆ పార్టీకి జనం శానా తక్కువ గదక్కా," అని నవ్వాడు. నవ్వుతూనే అంగడి వదిలి వచ్చి సందు చూపించాడు.

మీటింగు నడిపే పెద్దాయన ఒకప్పుడు బస్సు డ్రైవరు. ఆ గదిలో పేరు తప్ప మరేదీ అడగకూడదన్నాడు. మా వైపు ఇద్దరు కలిస్తే ముందు అడిగేది ఊరు. ఊరు చెబితే పక్షం తెలిసిపోతుంది. అడగకపోయినా అక్కడ రెండు వైపులవాళ్లూ ఉన్నారని నాకు అర్థమైంది. కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. మగవాళ్లంతా గోడకు ఆనుకొని నిలబడి ఉన్నారు. తలుపుకు వీపు పెట్టి కూర్చోవలసిన కుర్చీ ఒకటి ఉంది. ఆ రోజుల్లో మా వైపు మగవాడెవడూ అట్లా కూర్చోడు, హోటల్లోనైనా, పెళ్లిలోనైనా. అది ఖాళీగా ఉండేసరికి మిగతావాళ్లూ కూర్చోవడం లేదు. ప్రతి వారం ఇదే తంతు అని పెద్దాయన మెల్లగా చెప్పాడు.

ఆమె పోయి ఆ కుర్చీలో కూర్చుంది.

"కూసోండప్పా. తలుపు నేను చూసుకుంటా."

మెడకు గళ్ల తువ్వాలు చుట్టుకున్న ఒకాయన, "వీపు పెట్టి యెట్ల చూస్తావక్కా?" అన్నాడు.

"నా యెనకాల ఎవురన్నా వస్తే మీ మొగాలు చెప్పవా?"

ఒక్కొక్కరే కూర్చున్నారు. తువ్వాలాయన గోడవైపు కుర్చీ ఎంచుకున్నాడు. తర్వాత ఎన్నేళ్లయినా ఆయన చోటు అదే. ఎండాకాలంలో కూడా ఆ తువ్వాలు తీయగా నేను చూడలేదు.

కొన్ని వారాలకు నాయకుడి మనిషి ఇంటికొచ్చాడు. సారు ఆపక్కకు పోతాండాడంట గదా అని ఆరా తీశాడు. ఆదివారం నువ్వూ రా, కండ్లారా చూద్దువు అంది ఆమె. అన్నట్టే ఆ ఆదివారం గది ముందు జీపు ఆగింది. అప్పుడు మాట్లాడుతున్నది నేను. ఎదురుగా ఉన్నవాళ్ల ముఖాలు పాలిపోయాయి. తువ్వాలాయన చెయ్యి నడుము దగ్గరికి పోయింది. అడుగుల చప్పుడు వచ్చి సరిగ్గా ఆమె కుర్చీ వెనక ఆగింది. ఆమె అన్నీ మా ముఖాల్లోనే చూసింది. తిరగలేదు.

"నిలపొద్దు. చెప్పు," అంది నాతో.

బియ్యం డబ్బాలో సీసా దాచిన సంగతి, దాన్ని వెతకడానికి బియ్యమంతా నేలమీద పోసుకున్న సంగతి చెప్పాను. ఆమె భుజం మీది సుద్ద మరక కదలలేదు. నేను దాన్నే చూస్తూ చివరిదాకా చెప్పాను. అడుగులు వెనక్కి మళ్లాయి. అది రాజకీయం కాదు, తాగుబోతుల ఏడుపు అని ఆ మనిషి నాయకుడికి చెప్పాడట. ఆ వసారాలో మళ్లీ నా ముందు గ్లాసు పెట్టలేదు.

అంత ధైర్యం ఎక్కడిదని ఒకసారి అడిగాను. బడిలో బోర్డు మీద రాసేటప్పుడు పిల్లలకు వీపు పెట్టే కదా నిలబడతాను అంది. ఇన్నేళ్లుగా ఆ జవాబు గురించి ఆలోచిస్తున్నాను. అది జవాబు కాదని నాకు తెలుసు.

మధ్యలో నేను మళ్లీ తాగుడులోకి జారిన వారాలున్నాయి. అప్పుడూ ఆమె ఆదివారం నా చెప్పులు వీధివైపు తిప్పి పెట్టి, "పోదాం పా" అనేది. మీ ఆయన మానేశాడా అని ఎవరైనా అడిగితే, "ఈ పొద్దు తాగల్యా" అనేది. అంతకంటే పెద్ద మాట ఎన్నడూ చెప్పలేదు.

ఆమె సమాధి, తర్వాతి కార్యాలు అన్నీ అయ్యాక మొన్న ఆదివారం నా చెప్పులు నేనే తిప్పుకున్నాను. బస్సులో దారంతా ఆ ఖాళీ కుర్చీ గురించే ఆలోచన. దాన్ని చూసి నిలబడగలనా అని.

వాకిలి దగ్గరికి చేరేసరికి ఆ కుర్చీలో ఒక మనిషి ఉన్నాడు. నెరిసిన జుట్టు. దాని కింద, మెడ మీద అడ్డంగా, పాత కొడవలి గాటు. గళ్ల తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. నా చెప్పులు గచ్చు మీద చప్పుడు చేశాయి. ఆయన వెనక్కి తిరగలేదు. ఎదుటివాళ్ల ముఖాలు చూస్తూ కూర్చున్నాడు.