మందు తగలని వంటిల్లు

బొద్దింకల మందు కొట్టే ఆయన ఊళ్లో ప్రతి వంటింటికీ మందు కొట్టాడు, తన వంటింటికి తప్ప. బయట పట్టిన పురుగు ఏ మందు తిని వచ్చిందో ఎవరికి తెలుసని, పెంపుడు తాబేలుకి సొంత ఇంటి బొద్దింకల్నే మీసం పట్టుకుని తెచ్చి మేపేవాడు. విసిగిపోయిన భార్య ఆయన ఆఫీసుకే ఫోన్ చేసింది. మర్నాడు ఆయనే యూనిఫాం వేసుకుని, వీపున డబ్బాతో వచ్చి సొంత గుమ్మంలో బెల్లు కొట్టాడు.

“పెంపుడు జంతువులేమైనా ఉన్నాయా అమ్మా?” అందర్నీ అడిగినట్టే అడిగాడు.

“ఒక తాబేలు, ఒక మొగుడు.”

“సాయంత్రం దాకా ఇద్దర్నీ బయటే ఉంచాలండీ.”

మూలమూలకీ మందు కొట్టి, తాబేలుని ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. తలుపు సందులోంచి ఒక బొద్దింక తూలుతూ వచ్చింది. తాబేలు మెడ చాచింది. ఆయన దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. “వద్దురా నాన్నా, అది ఇక మనింటిది కాదు.”