దింపుడు కళ్లం దగ్గర అరనిమిషం

వీడియో ఆగిపోకుండా చూడడం నా ఉద్యోగం. కామారెడ్డిలో అద్దె గదిలో కూర్చుని హైదరాబాద్ కంపెనీకి పని చేస్తాను. వీడియోను చిన్న చిన్న ముక్కలు చేసి, చూసేవాళ్లకు దగ్గరలో ఉన్న సర్వర్లలో పెడతాం. వాళ్ల ఫోను కొన్ని ముక్కలు ముందే దాచుకుని, ఆ తర్వాత చూపించడం మొదలుపెడుతుంది. మధ్యలో సిగ్నల్ పోయినా దాచుకున్నది నడుస్తూనే ఉంటుంది. చూసేవాడికి ఏమీ తెలియకపోవడమే మన గొప్ప అని ఆఫీసులో అంటారు. ఆ మాట వింటే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది.

ఎల్లారెడ్డి దగ్గరి మా ఊళ్లో బాపు చనిపోయిన రోజు అన్న దుబాయ్‌లో ఉన్నాడు. సెలవు దొరకలేదు. ఫోన్ చేశాడు, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"తమ్మీ, పెద్దవ్వ సావుకు వీడియో కాల్ పెడితే మొఖం కాడనే ఆగిపాయె. మల్ల చూసేసరికి మంట కనవడ్డది. గట్ల కానియ్యకు. నీ పని గదే గదా. దింపుడు కళ్లం కాడ నేను గూడ బాపును పిలుస్త."

శ్మశానానికి పోయే దారిలో పాడెను ఒకచోట దించి, పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పిలుస్తాం. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే పలుకుతుందని ఆశ. ఎవరూ పలకరు. అయినా పిలవని కొడుకు ఉండడు.

మా ఊరి సిగ్నల్‌కు వీడియో కాల్ నిలవదు. అందుకే మా సర్వర్ల మీదుగా లైవ్ పెట్టాను. ఆగకూడదన్న పంతంతో దాచుకునే ముక్కలు పెంచాను. దాంతో ఇక్కడ జరిగేది అన్నకు అరనిమిషం ఆలస్యంగా కనిపిస్తుంది. ఆ సంగతి అన్నకు చెప్పాను కూడా.

"లేటైతే ఏంది? ఆగొద్దు, గంతే" అన్నాడు.

లైవ్ తీసే ఫోను పక్కింటి పిల్లాడికిచ్చి, మాట కోసం నా దగ్గర ఇంకో ఫోన్లో మామూలు కాల్ పెట్టుకున్నాం. నేను ఆ ఫోను బాపు చెవి దగ్గర పెట్టడం వీడియోలో చూడగానే అన్న పిలవాలి. ఇద్దరికీ అందులో తప్పేమీ కనిపించలేదు. సావు ఇంట్లో ఎవరి బుర్ర పని చేస్తుంది?

వరి మడుల పక్కన పాడె దించారు. నేను మూడుసార్లు పిలిచాను. తర్వాత స్పీకర్ పెట్టి ఫోను బాపు చెవికి ఆనించాను. అన్న గొంతు రాలేదు. "అన్నా, పిలువు!" అని అరిచాను. డప్పుల మోతలో నా గొంతు నాకే వినిపించలేదు.

"ఎంతసేపురా? పొద్దు గూకుతుంది. లేవట్టుండ్రి" అన్నాడు చిన్నాయన, బాపు తమ్ముడు.

పాడె లేచింది. నేను ముందు నడిచాను, ఒక చేతిలో నిప్పుకుండ, ఇంకో చేతిలో ఫోను. నాలుగడుగులు వేశామో లేదో ఫోను పలికింది.

"బాపూ... ఓ బాపూ... లే బాపూ..."

కుండ పట్టినవాడు వెనక్కి తిరగకూడదు. తిరగలేదు. అన్న గొంతును పిడికిట్లో పట్టుకుని, వెక్కి వెక్కి ఏడుస్తూ నడిచాను. నా మీద, నా చదువు మీద అసహ్యం పుట్టింది.

అంతా అయ్యాక ఇంటికొచ్చి స్నానం చేసేసరికి అన్న మళ్లీ ఫోన్ చేశాడు. గొంతు కాస్త నెమ్మదించింది.

"ఒక్కసారి గూడ ఆగలే తమ్మీ. నువ్వు బాపు చెవి కాడ ఫోన్ పెట్టినవ్, గప్పుడే పిలిచిన. బాపుకు మంచిగ వినవడ్డదా?"

అన్న చూసిన వీడియోలో అంతా సరిగ్గానే జరిగింది.

"వినవడ్డదే అన్నా" అన్నాను.