మా ఇంటిపేరు ఏటి?

మా చిన్నప్పుడు మలయాలో సుంగై సిపుట్ దగ్గర మా రబ్బరు తోట చుట్టూ ముళ్ళకంచె ఉండేది. కమ్యూనిస్టు గెరిల్లాల భయంతో తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ కాలం... గేటు దాటాలంటే కార్డు చూపించాలి. కార్డు లేకపోతే మనిషి లేనట్టే.

ఆ కార్డులు రాయడానికి ఒక తమిళ గుమస్తా తోటకు వచ్చాడు. తెలుగువాళ్ళకు పేరుకు ముందు ఇంటిపేరు ఉంటుందని ఆయనకు ఎవరో చెప్పారట. పాపం, శ్రద్ధగా మా నాన్నను అడిగాడు...

"వీట్టు పేరు?" అంటే తమిళంలో ఇంటి పేరు.

మాకున్నది కూలీల లైను ఇంట్లో ఒక గది. దానికి పేరేమిటో నాన్నకు అర్థం కాలేదు.

"ఏటి?" అన్నాడు.

గుమస్తా రాసుకున్నాడు. ముద్ర కొట్టాడు. ఆ రోజు నుంచి మేము 'ఏటి' వాళ్ళమైపోయాం...

దిద్దించమని అమ్మ పోరింది. నాన్న వినలేదు. ఎందుకంటే మా అసలు ఇంటిపేరు గేదెల. బడిలో పిల్లలు నన్ను చూస్తే "పూటకెన్ని పాలిస్తావురా?" అని అడిగేవారు. నాన్ననూ చిన్నప్పుడు అలాగే ఏడిపించి ఉంటారు.

పైగా మా తోట బడి పంతులుగారు బాగా ఆలోచించి, "ఏరు... ఏటి. మీ పెద్దలు వంశధార ఒడ్డున ఉండేవారన్న మాట" అని తేల్చారు. ఇక నాన్నను పట్టలేకపోయాం. కనిపించిన వాళ్ళందరికీ వంశధార కథే.

మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వస్తుందని అందరూ చెప్పుకుంటున్న ఏడాది మా అప్పకు సంబంధం వచ్చింది. అప్ప అంటే అక్క. వాళ్ళది బంటింగ్ దగ్గర తోట. పెళ్ళికొడుకు మారియమ్మ తిరునాళ్ళలో అప్పను చూశాడు. అప్పా చూసింది... ఆ తర్వాత ఆమె బియ్యం ఏరితే రాళ్ళు చేటలో ఉండేవి, బియ్యం నేల మీద ఉండేవి.

మాట ఖాయం చేసుకుందామని తండ్రీ కొడుకులు రైలెక్కి వచ్చారు. నాన్న గేటు దాకా ఎదురెళ్ళాడు. వెనక నేను. కాపలా ఉన్న మలాయ్ పోలీసు ఇద్దరు తండ్రుల కార్డులూ పక్కపక్కన పెట్టి చదివి నవ్వాడు.

"ఏటి... ఏటి. ఆదిక్-బరాదిక్ కా?"

మీరిద్దరూ అన్నదమ్ములా అని.

నాన్న ముఖం మాడిపోయింది. ఒకే ఇంటిపేరంటే పిల్లలు అన్నాచెల్లెళ్ళ వరస... ఇక పెళ్ళేమిటి?

ఇంటికొచ్చి చాప మీద కూర్చున్నారు. పాకుండలు ఎవరూ ముట్టలేదు.

"మీదీ ఏటేనా?" అన్నాడు నాన్న. "మాది వంశధార."

"మాది నాగావళి," అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి. "ఏరు వేరైనా పేరొకటే అయిపోనాది కదేటి..."

తెర వెనక చేట కింద పడిన చప్పుడు.

అమ్మ ఇక ఆగలేదు. "అన్నయ్యగారూ, కార్డు రాసినప్పుడు గుమస్తా మిమ్మల్నేటడిగినాడు?"

"వీట్టు పేరన్నాడు."

"మీరేటన్నారు?"

"ఏటన్నాను."

"అదే... ఏటన్నారు?"

"ఏటనే అన్నాను సెల్లెమ్మా! ఏటి!"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మరి మీ సొంత ఇంటిపేరు సెప్పండి."

ఆయన చాప పుల్లలు లాగుతూ కూర్చున్నాడు. నాన్న దూలాలు లెక్కపెడుతున్నాడు. ఇద్దరూ నోరు విప్పరు. విప్పకపోతే వాళ్ళు వచ్చిన రైలుకే వెళ్ళిపోతారు...

పెద్దల ముందు ఎప్పుడూ నోరెత్తని మా అప్ప తెర వెనక నుంచి అంది...

"నాన్నా... నీ సిగ్గుకి నా పెళ్ళి సెడగొడతావేటి?"

నాన్న తల దించుకున్నాడు. "మేం... గేదెలోళ్ళం, బావా."

పెళ్ళికొడుకు తండ్రి ముఖం ఒక్కసారిగా వెలిగింది.

"ఓరి నీ సిగ్గు సల్లగుండ! మేం దున్నోళ్ళం కదా!"

పెళ్ళికొడుక్కి పొలమారింది. "గేదెలోరికి ఇంతకంటే మంచి సంబంధం ఎక్కడ దొరుకుతాది లే!" అని అమ్మే పాకుండల పళ్ళెం ముందుకు తోసింది.

మెర్డెకా వచ్చిన నెలలోనే పెళ్ళయింది. శుభలేఖలో గేదెల వారి అమ్మాయి, దున్న వారి అబ్బాయి... తోటంతా చదివి నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. కార్డులు మాత్రం రెండిళ్ళలోనూ ఎవరూ దిద్దించలేదు.

అప్పా బావా ఇప్పుడు లేరు. నా కార్డు మీద ఏటి అలాగే ఉంది, నా మనవడి కార్డు మీదా ఉంది. మొన్న కౌలాలంపూర్‌లో వాడు ఫోను చూసుకుంటూ కూర్చుంటే దగ్గరకెళ్ళి "ఏటిరా?" అన్నాను.

"ఎందుకు తాతా, సర్‌నేమ్‌తో పిలుస్తావు?" అన్నాడు.

ఏటి అంటే ఏమిటి అని వాడికి తెలియదు... మా ఇంట్లో ఆ మాట ఇక కార్డుల మీదే మిగిలింది.

మీ ఇంటిపేరు ఎక్కడ పుట్టిందో తెలిసినవాళ్ళుంటే కింద రెండు ముక్కలు రాయండి... గేదెలైనా సరే, సిగ్గుపడకండి.