ఖర్చు పెరగదని చెప్పినవాణ్ణి

రేసు టైర్లు తయారుచేసే కంపెనీలో నాది డిజైన్ పని. మా అక్క భర్తకు పురసవాక్కంలో స్పేర్ పార్టుల కొట్టు ఉంది. కొట్టులో మిగిలిందంతా తన ఒక్క రేసు కారుకే పెట్టేవాడు. పదమూడంగుళాల చక్రాలు తీసేసి పదిహేడంగుళాలవి పెడదామా అని పోటీలు నడిపేవాళ్ళు టీములను ఓటు అడిగినప్పుడు, ఒక ఆదివారం బావ మా ఇంటికొచ్చాడు.

భోజనం దగ్గర ఒకటే అడిగాడు. "టైరు ఖర్చు ఎక్కువైతాదా, కాదా? అది చెప్పు చాలు."

"కాదు బావా. మోల్డు ఒకటే కొత్తది. రబ్బరు పాతదే గదా," అన్నాను.

అది సగం నిజం. లోపలి లోహపు చక్రం పెద్దదై, టైరు బయటి కొలత మారకపోతే, టైరు పక్క భాగం పొట్టిదవుతుంది. అంతవరకు గతుకులను మింగుతూ వచ్చింది ఆ భాగమే. అది తగ్గితే రబ్బరు లోపలి దారపు పొరలను మొదటినుంచి మళ్ళీ కుదుర్చుకోవాలి. ట్రాక్ మీద ఎన్నిసార్లు పరీక్షించాల్సి వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఇదంతా నాకు తెలుసు. కానీ కొత్త టైరు వస్తే ఆ పని నా చేతికే వస్తుంది. అన్నం కలుపుకుంటూ నేను ఆలోచించింది దాని గురించే.

బావ సరేనని ఓటేశాడు. తటపటాయిస్తున్న చిన్న టీములకు కూడా, మా బామ్మర్ది చెప్పినాడని నచ్చజెప్పాడు. మేం చేసిన మొదటి టైర్లు అంచుల దగ్గర వేడెక్కి బొబ్బలెక్కాయి. పొరలు మార్చాం, మళ్ళీ మార్చాం. ఆ ఖర్చంతా టైరు ధరలోకి ఎక్కింది. సీజన్ మధ్యలోనే బావ కారును కొట్టు వెనక షెడ్డులో పెట్టి టార్పాలిన్ కప్పేశాడు. పాత చక్రాలు మాత్రం అమ్మలేదు.

చాలాకాలం ఆ వీధి తప్పించుకు తిరిగాను. అక్క ఫోన్ చేసి రమ్మంటే పని ఉందనేవాణ్ణి. చివరికి ఒకరోజు కొట్టుకు వెళ్ళి, ఆనాడు తెలిసే అలా చెప్పానని ఒప్పుకున్నాను.

బావ బేరింగుల డబ్బాలు సర్దుతూనే ఉన్నాడు. "నాకూ అప్పుడే డౌటేరా. ఆడ నేను ఓటేసింది టైరుకు కాదు, నీకు."

ఒక డబ్బా మూతపెట్టి మళ్ళీ అడిగాడు. "పాత సైజు మళ్ళా చేస్తారా మీరు? చేస్తారంటే ఆ చక్రాలు ఉంచుతా. వేరే పోటీల్లోనన్నా తిప్పుకుంటా."

చూద్దాం అనడం తేలిక. కానీ పాత సైజు టైర్లు పోసే మోల్డులు అప్పటికే తుక్కుకు పోయాయి.

"చెయ్యం బావా," అన్నాను.

బావ షెడ్డు తాళం నా చేతికిచ్చి, వాషర్‌మెన్‌పేట్‌లోని పాత ఇనుము కొట్టుకు బండి మాట్లాడమన్నాడు. చక్రాలన్నీ నేనే మోసి బండిలో పెట్టాను.