జానెడు సందు

మీ ఊరి మంచినీళ్ళ గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, దాని వెంట నడిచి ఎప్పుడైనా చూశారా? చూసి ఉండరు. కుళాయి తిప్పగానే నీళ్ళు వచ్చేవాళ్ళకి ఆ అవసరం పడదు. నేనూ ఆ సంగతి మరిచిపోయి హాయిగానే ఉన్నాను. మొన్న నరసరావుపేటలో మా ఇంటికి మా పెదనాన్న మునిమనవడు వచ్చాడు. చేతిలో తాంబూలం, నుదుట బొట్టు, జేబులో ఫోను. “తాతయ్యా, తీగలమ్మ గుడికి గోపురం కడతన్నాం. అమ్మవారి మహిమ కళ్ళారా చూసినోళ్ళలో నువ్వొక్కడివే మిగిలావు. వచ్చి మైకులో నాలుగు ముక్కలు చెప్పాల” అన్నాడు. “ఏం మహిమరా?” అన్నాను. “అదేంది తాతయ్యా, అట్టంటావు! అంటు కలిపారని కోపమొచ్చి గొట్టం తెంచి వాగులో పడేసింది గదా తల్లి!” అన్నాడు, నాకే మతి పోయినట్టు. వాణ్ణి కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి పంపించేశాను. నాలుగు ముక్కలు చెప్పమన్నాడు కాబట్టి చెబుతాను. అక్కడ మైకులో కాదు, ఇక్కడ.

మాది గురజాలకీ మాచర్లకీ నడుమ ఒక ఊరు. ఊరికీ పేటకీ మధ్య వాగు. ఎండాకాలం చెప్పులు చేత పట్టుకుని దాటేయొచ్చు, వానాకాలం ఎద్దుని దించినా భయమే. ఇవతలి గట్టున ఊరు, అవతలి పల్లంలో పేట. పేటలో ఒక చిన్న చర్చి, దాని పంచన మిషను బడి, ఆ బడికి ఒక పంతులమ్మ. పేట బావి నీళ్ళు ఉప్పు కషాయం. వాటితో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. అందుకని పేట ఆడవాళ్ళు వాగు దాటి మా ఊరి మంచినీళ్ళ బావికి వచ్చి, దూరంగా బిందెలు పెట్టుకుని, ఊళ్ళోవాళ్ళెవరైనా తోడి పోసేదాకా నిలబడేవారు. పగలంతా ఎక్కాలు చెప్పి గొంతు పోగొట్టుకున్న పంతులమ్మ కూడా ఆ వరసలోనే నిలబడేది. వాళ్ళకి నీళ్ళు దొరకడం చేదకి సంబంధించిన విషయం కాదు, తోడేవాళ్ళ మనసుకి సంబంధించిన విషయం. కోడలితో పోట్లాడి వచ్చిన అత్తగారు బావి దగ్గరుంటే ఆ పూట పేటలో పొయ్యి ఆలస్యంగా వెలిగేది.

మా పెదనాన్న పంచాయతీ ప్రెసిడెంటు. ఆయన దుర్మార్గుడని చెప్పగలిగితే నా పని సుళువయ్యేది. కాదు. నాటకంలో ఎవరు ఏడ్చినా ఆయన కండువా తడిసేది. దారిన పోయే బాటసారిని అన్నం తినకుండా పంపేవాడు కాదు. పొలంలో కూలివాళ్ళకి దాహమైతే పాలేరుని పిలవకుండా తానే చెంబు ఎత్తి పోసేవాడు. వాళ్ళు వంగి దోసిలి పట్టేవారు. ఆయన చెంబు నడుమెత్తున పట్టుకుని, సన్నటి ధారగా, ఒక్క చుక్క కింద పడకుండా, చెంబుకి వేలు తగలకుండా పోసేవాడు. చూసినవాళ్ళు “ఏం చెయ్యండీ అది!” అని మెచ్చుకునేవారు. చిన్నప్పుడు నేనూ మెచ్చుకున్నాను. చెంబుకీ దోసిలికీ మధ్య ఉన్న ఆ గాలి ఏమిటో తెలియడానికి నాకు పట్నం వెళ్ళి, సంస్కరణ సభల్లో కూర్చుని, చాలా పుస్తకాలు చదవాల్సి వచ్చింది.

మా బావికి ఆయిలింజను పెట్టి పేటకి గొట్టం వేయాలన్నది మా చిన్నమామయ్య పట్టుదల. ఆయన సర్కారువారి ఓవర్‌సీయరు, పెద్ద నోరు, అంతకంటే పెద్ద మీసం. మొదటి ఏడు గొట్టాన్ని వాగు అడుగున ఇసకలో పూడ్చారు. నీళ్ళు వదలకముందే, మొదటి వరదకే వాగు గొట్టం కింద ఇసకంతా తోడేసింది. కింద ఆసరా పోయి, పైన నీటి బరువు పడి, గొట్టం విల్లులా వంగి అతుకుల దగ్గర విడిపోయింది. “కింద ఆసరా నిలవదు బావా, పైనుంచి ఇద్దాం” అన్నాడు మామయ్య పెదనాన్నతో. సాగర్ డ్యాము కడుతున్న రోజులవి. పని తీరిన ఉక్కు తాళ్ళు వేలంలో దొరికేవి. ఆ తాడు మా మణికట్టంత లావుండేది. వాగుకి రెండు గట్ల మీదా నాపరాళ్ళతో రెండు స్తంభాలు కట్టించి, తాడుని వాటి తలల మీదుగా ఇటునుంచి అటు లాగి, రెండు కొసలనీ స్తంభాల వెనక నేలలో పూడ్చిన రాతి దిమ్మలకి బిగించాడు. నడుమ తాడు ఊయల్లా వంగింది. ఆ వంపు నుంచి ఇనప కమ్మీలు వేలాడదీసి, వాటికి గొట్టాన్ని తగిలించాడు. “అర్థం కాలేదా? మీ అక్క దండెం మీద చీరలు ఆరేసినట్టేరా. బరువంతా తాడుది. తాడు బరువు దిమ్మది. దిమ్మ బరువు నేలది. నేల గట్టిగా ఉన్నంతకాలం ఎంత వరదొచ్చినా గొట్టం కిందనుంచి పోవాల్సిందే” అని నాకు చెప్పాడు. నేను అప్పటికి నరసరావుపేట హైస్కూల్లో కొత్త మాస్టర్ని, సెలవు దొరికితే బస్సెక్కి వచ్చేవాణ్ణి. గాలికి గొట్టం మెల్లగా ఊగుతూ ఉంటే పేట జనం గట్టున కూర్చుని తిరునాళ్ళలో బొమ్మని చూసినట్టు చూసేవారు.

రేపు నీళ్ళు వదులుతారనగా రచ్చబండ దగ్గర పంచాయతీ పెట్టారు. బావి నుంచి పేటదాకా ఇనుము ఏకంగా ఉంది. పేటలో కుళాయిని ముట్టుకుంటే ఆ అంటు ఇనుము వెంట పాకి బావిలోకి రాదా? ఇదీ అభ్యంతరం. నవ్వకండి. ఎవరూ నవ్వలేదు. నేను లేచాను. సభల్లో చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి, నాకేం భయం! “ఇనుము వెంట అంటు పాకితే, గుంటూరు నుంచి మాచర్లదాకా రైలు పట్టా ఒకటే ఇనుము. దాని మీద అందరూ నడుస్తారు, అందరూ దాటుతారు. మరి మీరెవరూ రైలెక్కడం లేదా?” అన్నాను. పెదనాన్న కండువా సర్దుకుని చిరునవ్వు నవ్వాడు. “ఒరేయ్ మేష్టరూ, రైలు పట్టా నువ్వు ఎప్పుడన్నా వంగి చూశావంటరా? పట్టాకీ పట్టాకీ మధ్య సందుంటది. ఇంగ్లీషోడు ఊరికే పెట్టాడా?” జనం గొల్లుమన్నారు. ఆ సందు ఎండకి ఇనుము సాగుతుందని పెట్టినదని నేను అరుస్తూనే ఉన్నాను. నవ్వులో ఎవరికీ వినపడలేదు. తర్కం నాది, సభ ఆయనది. “గొట్టానికీ అట్టాగే సందు పెట్టండి. మన పొలిమేర రాయి దగ్గిర జానెడు కోసెయ్యండి. ఇటు కొస నుంచి నీళ్ళు తొట్లో పడతయ్, తొట్లోనుంచి వాళ్ళ గొట్టం మొదలవుద్ది. నీళ్ళూ పోతయ్, ఆచారమూ ఉంటది” అని తీర్పు చెప్పేశాడు.

మామయ్య మీసం వణికింది. “బావా, ఎక్కడన్నా కోయి గానీ అక్కడొద్దు. పొలిమేర రాయి పక్కనే నా దిమ్మ పూడ్చి ఉంది. తొట్టి పొర్లిందంటే నీళ్ళన్నీ దాని నెత్తినే పడతయ్” అన్నాడు. “పొలిమేర నీకోసం జరగదు గదా బావా” అన్నాడు పెదనాన్న, ఎంతో ప్రేమగా. మామయ్య పంతులమ్మ వైపు చూశాడు. ఆవిడ దూరంగా, పేటవాళ్ళతో, నేల మీద కూర్చుని ఉంది. “ముందు నీళ్ళు రానీయండి బాబూ, మర్యాద సంగతి తరవాత చూసుకుందాం” అంది. గొట్టం కోశారు. నాలుగు రాతి కాళ్ళ మీద ఇనప తొట్టి నిలబెట్టారు. మర్నాడు నీళ్ళు వదిలినప్పుడు నేను పంతులమ్మ పక్కన నిలబడి ఉన్నాను. ఇటు గొట్టం కొస నుంచి సన్నటి ధార గాల్లోంచి జారి తొట్టిలో పడుతోంది. ఆవిడ అది చూసి, “మీ పెదనాన్నగారు ఇన్నాళ్ళూ మాచేత దోసిలి పట్టించారు. ఇయ్యాల గొట్టం చేత గూడా పట్టించారు” అంది. అని నవ్వింది. అంత చేదుగా నవ్విన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అయినా పేటలో పప్పు ఉడికింది. పంతులమ్మ సాయంత్రాలు పిల్లలకి పాటలు నేర్పించే తీరిక సంపాదించుకుంది. నీళ్ళంటే ఏమిటో మనం లీటర్లలో చెప్పుకుంటాం. నిలబడే పని తప్పిన ఆడదాని సాయంత్రాల్లో చెప్పుకోవాలి. ఆ సాయంత్రాలు ఎక్కువ రోజులు సాగలేదు. తొట్టి అడుగున జల్లెడ ఉండేది, పైన తుమ్మచెట్టు ఉండేది. ఆకు రాలి జల్లెడకి అడ్డం పడితే నీళ్ళు పేటకి పోవు, తొట్టి అంచుల మీంచి పొర్లి దిమ్మ మీద పడతాయి. తీయడానికి ఒక చేయి చాలు. ఎవరి చేయి? పేటవాళ్ళు తీయకూడదు, తొట్టి ఊరి గడ్డ మీద ఉంది. ఊరివాళ్ళు తీయరు, నీళ్ళు పేటవి. ముట్టుకోగల చేతులకి అక్కర లేదు, అక్కర ఉన్న చేతులకి హక్కు లేదు. ఈ దేశం గురించి ఆ తర్వాత నేను రాసిన వ్యాసాలన్నీ ఆ తొట్టి చుట్టూ తిరిగినవే. మామయ్యకి బదిలీ అయింది. నేను పెదనాన్నకి చెప్పాను. “నేలతల్లి తాగుతుందిలేరా, తాగనీ” అన్నాడు. మా నల్లరేగడి సంగతి ఆయనకి తెలియక కాదు. ఎండితే ఇనుము, నానితే వెన్న.

ఒకరోజు జల్లెడ పూర్తిగా మూసుకుపోయింది. పేటలో కుళాయి ఆగింది. పంతులమ్మ ఎవరినీ అడగలేదు. పట్టపగలు వాగు దాటి వచ్చి, తొట్టి రాళ్ళ మీదికెక్కి, జాకెట్టు చేయి పైకి మడుచుకుని, మోచేయిదాకా నీళ్ళలో ముంచి ఆకుల ముద్ద తీసి బయట పడేసింది. చూసినవాళ్ళు కేకలు పెట్టారు. “ఏమే, ఎంత ధైర్యం!” అని ఒకావిడ శాపనార్థాలు మొదలెట్టింది. “ధైర్యమేంది అక్కా, ఆకు” అందిట పంతులమ్మ, చేయి చూపించి. ఆ సాయంత్రం తొట్టిని పసుపునీళ్ళతో కడిగారు. బిందెలకి బిందెలు కుమ్మరించారు. ఆ నీళ్ళు కూడా దిమ్మ మీదికే పోయాయి. పేటవాళ్ళు మళ్ళీ రాకుండా తొట్టి చుట్టూ ముళ్ళకంప వేశారు. ఇంక ఆకులు తీసేవాళ్ళెవరూ లేరు.

వానలు పట్టాయి. వాగు గట్టు ఒరుసుకుని పారుతున్న రోజున దిమ్మ నానిన నేలలోంచి పిల్లిలా చప్పుడు లేకుండా జారింది. తాడు వదులైంది, గొట్టం వరదలోకి దిగింది, వరద దాన్ని విరిచి పట్టుకుపోయింది. పేటవాళ్ళు మా బావికి రావడానికి వాగు దాటే వీలు లేదు. ఉప్పునీళ్ళ బావిలోకి వరద పొంగింది. తాగింది అవే నీళ్ళు. నేను నరసరావుపేటలో ఉండగా కబురు వచ్చింది, పేటలో వాంతులు, విరేచనాలు అని. వరద తీసి నేను వాగు దాటేసరికి పంతులమ్మని పూడ్చి రెండో ఆదివారం. బడి పిల్లల మంచాల దగ్గర తిరిగి తిరిగి ఆఖరున ఆవిడ మంచం పట్టిందిట. బడి గోడ మీద ఆవిడ రాసిన పన్నెండో ఎక్కం సగంలో ఆగి ఉంది.

ఊళ్ళో అప్పటికే మాట పుట్టింది. పంతులమ్మ తొట్టి ముట్టుకుంది, అమ్మవారు ఓర్చుకోలేదు, గొట్టం తెంచింది, ముట్టుకున్నదాన్ని తీసుకుపోయింది. మామయ్య బదిలీ ఊరి నుంచి పరుగెత్తుకు వచ్చాడు. పెదనాన్ననీ నలుగురు పెద్దలనీ దిమ్మ దగ్గరికి లాక్కుపోయి, చేతికర్ర నేలలో దించాడు. పిడిదాకా దిగిపోయింది. “ఏ అమ్మవారు బావా? ఇది బురద. నువ్వు పెట్టిన సందూ, నువ్వు తీయనీయని ఆకూ కలిసి చేసిన బురద” అన్నాడు. పెదనాన్న కర్ర వైపు చూశాడు. ఆయన కండువా తడిసింది, నేను చూశాను. ఒక్క మాట అంటాడని ఎదురుచూశాను. ఆయన వంగి, ఆ బురద ఇంత వేలితో తీసి నుదుట పెట్టుకుని, “తల్లీ, చల్లగా చూడు” అన్నాడు. పక్కవాళ్ళందరూ పెట్టుకున్నారు. గుడి ఆ క్షణాన పుట్టింది. దోషం చేతిలోకి వచ్చినప్పుడు దాన్ని పట్టుకోవడం కంటే దానికి దణ్ణం పెట్టడం తేలిక.

ఇప్పుడు ఊరివైపు స్తంభానికి వెండి కళ్ళున్నాయి. తుప్పు పట్టిన తాడు ముక్కకి చీర చుట్టి తీగలమ్మ అన్నారు. పేటకి నీళ్ళు ఇప్పుడు వంతెన మీదుగా వస్తాయి, రోజు మార్చి రోజు. ఊళ్ళో కుళాయిలు మాత్రం రోజూ పారతాయి. జానెడు సందు చోటు మారింది, అంతే. కాలం అన్నిటినీ చెరిపేస్తుందంటారు. చెరపదు. తుప్పుని కుంకుమ చేస్తుంది, ఎవరూ తుడవకపోతే. గోపురానికి చందా ఇచ్చేవాళ్ళు ఇచ్చుకోండి. కానీ ముందు లేవండి. మీ ఊరి గొట్టం పట్టుకుని చివరి ఇంటి చివరి కుళాయిదాకా నడవండి. సందు ఎక్కడుందో కనుక్కోండి. ఎవరి అనుమతీ అడక్కుండా మోచేయిదాకా చేయి ముంచి ఆ ఆకు తీయండి. తర్వాత ఆ జానెడూ అతికించేదాకా ఇంటికి వెళ్ళకండి.