అడ్రసులు మార్చి వెతికిన రోజులు

డిగ్రీ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఖమ్మంలో, ఖానాపురం హవేలిలోని ఒక డాబా ఇంటి పై అంతస్తులో. రెండువేల ఎనిమిది ప్రాంతపు సంగతి. హైదరాబాదు నుంచి ఒక ఏజెంటు ఏదో ఒక వెబ్‌సైటు పేరు పంపేవాడు. అందులోని సెల్‌ఫోన్ల ధరలనో, హోటళ్ల చిరునామాలనో పోగుచేసి మేం తిరిగి పంపాలి. చేత్తో చేస్తే తెమిలే పని కాదు. దానికి ప్రోగ్రాములు రాసే ఒకాయన ఉండేవాడు, నేను అన్నా అనేదాన్ని. ఊళ్లో ఎప్పటినుంచో ట్రంకుపెట్టెలు చేసి అమ్మే ముస్లిం కుటుంబం వాళ్లది. దుకాణంలో రేకుల చప్పుడు పడక ఈ పనిలోకి వచ్చానని చెప్పేవాడు. ఆయన ప్రోగ్రాం పేజీ తర్వాత పేజీ తెరిచి కావలసిన ముక్కలు ఏరి పెట్టేది. వచ్చినదాన్ని సరిచూడటం నా పని.

వెబ్‌సైట్లు ఊరుకునేవి కావు. ఒకే అడ్రసు నుంచి ఎడతెరిపి లేకుండా అడుగుతుంటే కాసేపటికి తలుపు వేసేసేవి. అడ్రసంటే నెట్‌లో మా కనెక్షన్‌కు ఉండే నంబరు. అందుకని ప్రాక్సీలు వాడేవాళ్లం. ప్రాక్సీ అంటే ఎక్కడో ఉన్న ఇంకో కంప్యూటరు. మనం అడిగేది అది తన పేరు మీద అడిగి, వచ్చిన జవాబు మనకు పంపుతుంది. అలాంటివి బోలెడు దగ్గర పెట్టుకుని, పేజీకొకటి మార్చుకుంటూ పోతే, అవతలివాళ్లకు ఎందరో మనుషులు వచ్చి అడిగినట్టు ఉంటుంది. మొదట్లో నాకిది మారువేషం కట్టడంలా అనిపించేది. తర్వాత ఏమీ అనిపించడం మానేసింది.

ఆఫీసు ఊడ్చి మాకు టీ పెట్టే అక్కది భద్రాచలం అవతల అడవి పల్లె. భర్త పోయాక కూలికని ఖమ్మం వచ్చి ఇక్కడ కుదురుకుంది. ఆమె తమ్ముడు బోరుబండి మీద పనికి వెళ్లాడు. బోర్లు వేసే లారీతో పాటు రాష్ట్రాలు తిరిగే పని. కొన్నాళ్లు కింది కిరాణా కొట్టుకు ఫోను చేసి అక్కతో మాట్లాడేవాడు. తర్వాత ఆ ఫోన్లు ఆగిపోయాయి. తీసుకెళ్లిన మేస్త్రీని నిలదీస్తే, పొరుగు రాష్ట్రంలో ఒక ఊళ్లో బండి దిగి వెళ్లిపోయాడని, ఆ తర్వాత తనకు తెలియదని అన్నాడట. పోలీసు స్టేషన్‌లో చెప్పుకుంటే రాసుకున్నారు. అంతే.

ఒక మధ్యాహ్నం ఆమె నా బల్ల మీద టీ పెట్టి అక్కడే నిలబడింది.

"చెల్లె, తప్పిపోయినోళ్లను గీ కంప్యూటర్ల ఎతకొచ్చంటరు, నిజమేనా?"

"ఎవరు చెప్పిండ్రక్కా?"

"కింద కిరాణం ఆయన. దునియల ఉన్నయన్ని మీరు ఏరి తెస్తరంట గద. మా తమ్ముణ్ణి ఎతకరాదుండ్రి."

పక్క బల్ల దగ్గర అన్న తల తిప్పలేదు గానీ, కీబోర్డు మీద ఆయన వేళ్లు ఆగిపోయాయి.

మర్నాడు ఆమె బయటికి వెళ్లినప్పుడు ఆయన నన్ను పిలిచాడు.

"ఆ రాష్ట్రం పోలీసోళ్ల సైటు చూసిన. తప్పిపోయినోళ్లల్ల వాడు లేడు. ఇంకో భాగమున్నది." ఆగి అన్నాడు, "దొరికిన శవాలు. ఎవరో తెల్వనియి. ఫొటోలు పెడ్తరు."

ఆమెకు చెప్పే పని నా మీద పడింది. మెట్ల మీద ఊడుస్తుంటే పక్కన కూర్చుని చెప్పాను. చీపురు పట్టుకునే విన్నది.

"చూడుండ్రి. లేకుంటె లేడని తెలుస్తది గద," అన్నది.

ఆఫీసు యజమానిని అడిగితే, ఏజెంటు పని లేని వేళల్లో చేసుకోమన్నాడు. ఆ సైటులో ఒక్కో పేజీకి ఒక్క మనిషి. ఎత్తు, ఒంటి రంగు, తొడుక్కున్న బట్టలు, గుర్తులు, దొరికిన చోటు, పక్కన ఫొటో. కొన్ని పేజీలు తెరవగానే మా అడ్రసుకు అనుమతి లేదంటూ ఆగిపోయింది. అన్న ప్రాక్సీలు తగిలించాడు. మన దేశపు అడ్రసులకు తప్ప అది తెరుచుకోదని అప్పుడు తెలిసింది. మా దగ్గరున్నవాటిలో చాలావరకు బయటి దేశాలవి, పనికిరాలేదు. మిగిలిన కొద్దివాటిలో కొన్ని మధ్యలోనే చచ్చేవి. కొన్ని అడిగిన పేజీకి బదులు ఏదో సబ్బు ప్రకటన తెచ్చేవి. ఒక్కోసారి ఫొటో సగమే దిగేది. నుదురు, కళ్లు, ముక్కు, ఆ కింద అంతా బూడిదరంగు.

"జల్దీ అవుతదేమో, పేజీకి పేజీకి నడుమ గ్యాపు తగ్గించరాదన్నా," అన్నాను.

"వద్దు. చిన్న సర్వరు అది. మనం మీద పడితే వేరేటోళ్లకు తెరుచుకోదు. మనలెక్క ఎతికేటోళ్లు ఇంక ఉంటరు," అన్నాడు అన్న.

దిగినవాటిని చూడటం నా వంతు. ఆడవాళ్లను, ముసలివాళ్లను తీసేసి, పడుచు మగవాళ్లను వేరుగా పెట్టాలి. రైలు పట్టాల పక్కన దొరికినవాళ్లు, బస్టాండు బెంచీ మీద పోయినవాళ్లు, చెరువులో తేలినవాళ్లు. కొందరు నిద్రపోతున్నట్టే ఉండేవారు. సాయంత్రం షేర్ ఆటోలో ఎదురుగా ఎవరైనా కడ్డీకి తల ఆనించి కునుకు తీస్తుంటే, నా మనసు దానంతటదే చెప్పుకుంటూ పోయేది: చామనఛాయ, నీలం గళ్ల చొక్కా, కుడి చేతికి తాయెత్తు. ఆ మనిషి కళ్లు తెరిచేదాకా చూస్తూనే ఉండేదాన్ని. ఇంట్లో అమ్మ ఏమైందే అని అడిగితే, కళ్లు మంటలని చెప్పాను.

వేరు చేసినవి చూపించడానికి ఒక రోజు అక్కను కుర్చీలో కూర్చోబెట్టాం. అంచు మీద కూర్చుంది. నేను ఒక్కొక్కటే మార్చుతున్నాను. ఆమె ప్రతి ముఖానికీ ముందుకు వంగి, మెల్లగా తల అడ్డంగా ఊపి, తెలుగు కాని వాళ్ల ఇంటి భాషలో లోలోపల ఏదో అనుకుంటోంది. నాకు అర్థం కాలేదు. దండం పెడుతున్నట్టుగా ఉంది ఆ గొంతు.

ఒక ముఖం దగ్గర చెయ్యెత్తింది.

"ఆగు చెల్లె."

"తమ్ముడా?"

"కాదు. గీయన మా పక్కూరోడు. చెంప మీద మచ్చ చూడు. తునికాకు కోస్తుంటె ఎలుగుబంటి గీరింది."

పేజీలో ఇంగ్లీషులో అదే ఉంది: ఎడమ చెంప మీద పాత గాయపు మచ్చ. అతను కూడా బోరుబండి మీదకే వెళ్లాడట, ఆమె తమ్ముడి కంటే ముందు. భార్య ఉంది. ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. మిగతా ఫొటోలు కూడా అక్క చివరిదాకా చూసింది. తమ్ముడు లేడు.

ఆదివారం నేనూ ఆమే భద్రాచలం బస్సెక్కాం. ఇంగ్లీషు వివరాలు చదివి చెప్పాలి కదా అని నన్ను రమ్మన్నది. ఫొటో ప్రింటు కవరులో పెట్టుకుని ఒళ్లో పట్టుకున్నాను. భద్రాచలం దాటాక ఇంకో బస్సు, తర్వాత ఎడ్లబండ్ల బాటలో నడక. అతని భార్య ఇంటి దగ్గర లేదు. ఎవరిదో మిరపచేలో కూలికి వెళ్లిందంటే అక్కడికే వెళ్లాం.

అక్కను చూసి నవ్వుతూ గట్టు మీదికి వచ్చింది. నా కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. అక్క వాళ్ల భాషలోనే మెల్లగా చెప్పుకుంటూ వచ్చింది. ఒక్క మాటా నాకు తెలియకపోయినా, చావు కబురు ఏ మాట దగ్గర చెప్పేసిందో అతని భార్య ముఖం చూసి తెలుసుకున్నాను. ఫొటో ఇమ్మన్నట్టు చెయ్యి చాచింది. చాలాసేపు చూసింది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి గానీ తుడుచుకోలేకపోతోంది. పొద్దుటినుంచి పండుమిర్చి కోసిన చేతులవి. అక్క తన కొంగుతో తుడిచింది.

తర్వాత ఆమె నా వైపు తిరిగి తెలుగులో అడిగింది.

"ఎన్నడు దొరికిండంట?"

నెల చెప్పాను.

"అప్పుడు మేము తునికాకు కోస్తున్నం," అన్నది. కాసేపటికి, "కాలబెట్టిండ్రా, బొందపెట్టిండ్రా?" అని అడిగింది.

"అది రాయలేదక్కా."

ఆమె తల ఊపింది. కోసిన కాయల గంప చేలోనే వదిలేసి మాతో ఇంటికి నడిచింది.

తిరుగు ప్రయాణంలో అక్క కిటికీ పక్కన కూర్చుంది. పాల్వంచ దాటాక అన్నది:

"ఆమెను చూసి నాకు ఏడ్పు రాలె చెల్లె. మావోడు కాదని పానం నిమ్మలమైంది. గట్ల అనిపించొచ్చా?"

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. కాసేపటికి ఆమె మెల్లగా తీసేసుకుంది.

చనిపోయినతని తమ్ముడు మా ప్రింటు తీసుకుని ఆ స్టేషనుకు వెళ్లాడని, పాతిపెట్టిన చోటు చూపించారని కొన్నాళ్లకు తెలిసింది. అక్కడి నుంచి పిడికెడు మట్టి తెచ్చి ఊళ్లో చేయవలసినవి చేశారట.

మేం వెతకడం ఆపలేదు. కొత్త పేజీలు వచ్చినప్పుడల్లా అన్న ప్రోగ్రాం తెచ్చిపెట్టేది. ఒక రోజు ఆ సైటువాళ్లు ప్రతి పేజీకి ముందు వంకరటింకర అక్షరాల బొమ్మ పెట్టారు. చదివి కొడితేనే లోపలికి. ప్రాక్సీలు ఎన్ని మార్చినా ప్రోగ్రాం అక్కడే ఆగిపోయేది. అప్పటినుంచి శనివారాలు నేనే ఆ అక్షరాలు కొట్టి చూసేదాన్ని. అక్క వెనక నిలబడి చూసేది.

తర్వాత ఏజెంటు పని పంపడం తగ్గించాడు. ఆఫీసు మూతపడింది. అన్న హైదరాబాదులో ఉద్యోగం చూసుకున్నాడు, నేను ఒక కోచింగ్ కాలేజీ ఆఫీసులో చేరాను. వేరే ఇళ్లల్లో పని చూపిస్తామన్నా అక్క వినలేదు.

"వాడొస్తె మా ఊరికే వస్తడు గద. నేను గీడుంటె ఎట్ల?" అని మూట కట్టుకుంది.

రెండేళ్లకో మూడేళ్లకో భద్రాచలం బస్టాండులో కనిపించింది. చిక్కిపోయింది. సంతకు ఇప్పపువ్వు తెచ్చి అమ్మిందట. నా పెళ్లి గురించి, అమ్మ గురించి అడిగింది. తమ్ముడి మాట ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు. బస్సు రాగానే చంకలో గంపతో ఎక్కి, కిటికీ దగ్గర సీటు దొరకక, లోపల జనంలో నిలబడింది.