ఫ్రిజ్ లాగుతాదంటే

భోగాపురం దగ్గర ఇల్లు కట్టుకున్నాక మా వంటింట్లోకి వచ్చిన మొదటి పెద్ద వస్తువు రెండు తలుపుల ఫ్రిజ్. బీరువాకున్నట్టు పక్కపక్కన నిలువు తలుపులు, ఎడమవైపు పైనుంచి కిందదాకా ఫ్రీజరు, కుడివైపు మిగతా సామాను. అది కావాలని పట్టుబట్టింది నేనే గాని, కొన్నది మా అత్త కోసం. అత్త నాకు సొంత మేనత్త. ఆవిడ కొడుకునే చేసుకున్నాను. వయసులో ఉన్నన్నాళ్లూ ఒడ్డున చేపలు వేలంలో పాడుకుని, ఐసు పోసిన గంపల్లో విజయనగరం తీసుకెళ్లి అమ్మిన మనిషి. అమ్మకం మానేసి చాన్నాళ్లయినా, పడవలొచ్చాయని తెలిస్తే చాలు ఆటో ఎక్కి ఒడ్డుకు పోతుంది. తెచ్చినవి బాగుచేసి, ముక్కలు కోసి, పొట్లాలు కట్టి దాచుకుంటేగాని ఆవిడకు నిద్రపట్టదు. పాత ఫ్రిజ్‌లో అయితే పాలగిన్నె పక్కన కోనాం చేప తల ఉండేది.

కొత్త ఫ్రిజ్ ఆలనాపాలనా అంతా నాది. నేను ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. ఏ వస్తువు కొన్నా దానితో వచ్చిన పుస్తకం చదివాకే స్విచ్చి వేసే రకాన్ని. ఫ్రిజ్‌ని గోడకు జానెడు ఎడంగా పెట్టించాను. లోపల చల్లగాలి వచ్చే కన్నాలకు అడ్డంగా గిన్నెలు పెట్టనిచ్చేదాన్ని కాదు. తలుపు అంచున ఉండే రబ్బరును సోడా నీళ్లతో తుడిచి ఆరబెట్టేదాన్ని. ఫ్రిజ్ ముందు, కాళ్లు జారకుండా రబ్బరు పట్ట పరిచాను. అత్త మాత్రం ఆ పట్ట మీద కాలు పెట్టేది కాదు. అది మెత్తగా, తొక్కితే ఏదోలా ఉంటుందనేది. పక్కన గచ్చు మీదే నిలబడి తలుపు తీసేది. వంటింట్లో చెప్పులేమిటని, మా అందరిలా ఇంటి చెప్పులు కూడా తొడిగేది కాదు.

ఫ్రిజ్ వచ్చి ఏడాది దాటాక, వానలు మొదలైన రోజుల్లో ఒకసారి అంది.

"ఒసే, నీ ఫ్రిజ్ లాగుతాది."

నాకు ఆ మాట కొత్తగా అనిపించలేదు. పెద్ద ఫ్రిజ్ తలుపు వేసిన వెంటనే మళ్లీ తీయబోతే లోపల గాలి పట్టుకుని వెనక్కి లాగుతుంది. పుస్తకంలో కూడా రాసి ఉంది.

"వేసిన వెంటనే తియ్యకు అత్తా. కొంచెం ఆగి తియ్యి, తేలిగ్గా వస్తుంది" అన్నాను.

"ఆగినా లాగుతన్నాదే."

రబ్బరు జిగురుగా తయారైందేమో అనుకుని, ఆ ఆదివారం రెండు తలుపులకూ రబ్బరు మొత్తం కడిగి, ఆరాక పౌడరు రాశాను. తలుపులు వెన్నలా తెరుచుకున్నాయి. ఎలా ఉందని అడిగితే అత్త, "అలగే ఉన్నాది" అంది. మావాడు, అంటే మా బావ, నవ్వాడు. "అమ్మకి ఏదీ ఒక పట్టాన నచ్చదులే" అన్నాడు. తర్వాత ఆవిడ ఆ మాట ఎత్తలేదు.

కొన్నాళ్లకు వేరే మాట మొదలైంది. చేతులు లాగుతున్నాయని, మోచేతి దాకా జివ్వుమంటోందని. మన ఇళ్లల్లో కాళ్లు లాగుతాయి, చేతులు లాగుతాయి, ఎవరింటికెళ్లినా వినే మాటే. పైగా అత్తకు షుగరుంది. విజయనగరం తీసుకెళ్లాం. డాక్టరు శ్రద్ధగానే చూశారు. పాదాల మీద సూదితో తాకి చూశారు, చేతులు నొక్కారు, ఏం పని చేసేవారని అడిగారు. చేపల గంపలు, ఐసు అని బావ చెప్పాడు.

"షుగరు వల్ల నరాలు దెబ్బతింటాయి. దానికి తోడు ఏళ్ల తరబడి ఐసులో చేతులు పెట్టారు" అని నరాలకు మాత్రలు రాశారు.

అత్త ఆ మాత్రలు వేళకు వేసుకునేది. వేసుకుంటే మత్తుగా ఉంటోందని మధ్యాహ్నాలు పడుకునేది. ఒడ్డుకు వెళ్లడం తగ్గించింది. ఆ రోజుల్లోనే ఇంకో సంగతి గమనించాను. ఫ్రిజ్ తీసేటప్పుడు స్టీలు పిడిని కొంగుతో పట్టుకునేది. పిడి మీద చేపల చేతి మరకలు పడుతున్నాయని నేనెప్పుడో అన్నాను. అందుకే కాబోలు, మాట పట్టింపు మనిషి అనుకున్నాను.

మరుసటి ఏడు వానాకాలంలో అల్పపీడనం వచ్చి వాన వదలకుండా కొట్టింది. ఒక ఆదివారం పొద్దున లేచి చూస్తే ఫ్రిజ్ కింద నుంచి నీళ్లు వచ్చి వంటిల్లంతా పారాయి. ఇలాంటివి నాకు కొత్త కాదు. ఫ్రీజరులో కరిగిన మంచునీళ్లు వెనక ఉన్న పళ్లెంలోకి పోవడానికి సన్నటి గొట్టం ఉంటుంది. అది పూడుకుంటే నీళ్లు ఇలా ముందుకు వచ్చేస్తాయి. వేడినీళ్లు పోస్తే దారి వస్తుందని పొయ్యి మీద గిన్నె పెట్టాను. తడిసిన రబ్బరు పట్టను తీసుకెళ్లి పెరటి గోడ మీద వేశాను. చెప్పులు నీళ్లలో జారుతున్నాయని గుమ్మం దగ్గర విడిచేశాను. ఫ్రిజ్‌ని స్విచ్చి కట్టేసి ముందుకు లాగుదామని, ఈలోగా నీళ్లు ఎత్తేయమని అత్తతో అన్నాను.

అత్త పాత లుంగీ ముక్కతో కూర్చుని నేల తుడుస్తోంది. నేను పొయ్యి వైపు తిరిగి ఉన్నాను. పైకి లేవడానికి ఆవిడ ఫ్రిజ్ పిడి పట్టుకున్నట్టుంది. "హ్హా" అని చిన్న శబ్దం వచ్చింది, అంతే. వెనక్కి తిరిగేసరికి గ్యాసుబండకు ఆనుకుని కూలబడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి గాని ఎటో చూస్తున్నాయి.

షుగరు పడిపోయిందనే అనుకున్నాను. పొద్దున మాత్రలు వేసుకుంది, టిఫిను ఇంకా తినలేదు. ఇలాంటప్పుడు నోట్లో తీపి వెయ్యాలి. ఫ్రిజ్‌లో పళ్లరసం ఉంది. ఒక్క అంగలో వెళ్లి పిడి పట్టుకున్నాను.

వేళ్లు పిడి మీద పడ్డాయో లేదో, భుజం దాకా తాడు కట్టి గుంజినట్టయింది. పళ్లు కరుచుకుపోయాయి. చెయ్యి ఎలా ఊడివచ్చిందో నాకు తెలియదు. గట్టు అంచుకు నడుము తగిలి ఆగాను. కాసేపు నా చెయ్యి నాది కాదన్నట్టు చూస్తూ ఉండిపోయాను.

కింద నుంచి అత్త అడిగింది, మామూలు గొంతుతో.

"నిన్నూ లాగేసినాదా?"

నేను తలూపాను.

"ఇయ్యాల మరీ గట్టిగా లాగినాది."

బావను కేకేశాను. వరండాలో బండి తుడుస్తున్నవాడు పరిగెత్తుకొచ్చాడు. లోపలికి రావద్దని, మెయిన్ కట్టేయమని చెప్పాను. ఫ్యాను ఆగి, ఫ్రిజ్ గురక ఆగి, ఇల్లంతా వాన చప్పుడు మిగిలింది. బావ తల్లి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు.

"ఎన్నాళ్ల నుంచే అమ్మా?"

"నిరుడు వానల కాడ్నుంచీ. అప్పుడు సిన్నగా ఉండేది. సెప్పినాను కదరా లాగుతాదని."

"కరెంటు కొడుతోందని చెప్పలేదు."

"లాగుతాదంటే మరేటనుకున్నావు?" అని వాడి మొహం చూసి, నా మొహం చూసింది. ఆవిడకు మామీద కోపం లేదు. నిజంగానే అర్థం కాక అడుగుతోంది. "మీకూ లాగుతాది గావాల, పెద్ద సామాను కదా, అలగే ఉంటాది, మీరు ఓర్సుకుంటన్నారు అనుకున్నాను. నాకే ఓపిక తగ్గినాదేమో అని ఊరుకున్నాను. కొంగుతో పడితే అంత తెలీదు."

బావ తల్లి అరచేయి తిప్పి తిప్పి చూస్తూ కూర్చున్నాడు. వంటింట్లో పొయ్యి మీద వేడినీళ్లు మరుగుతూనే ఉన్నాయి, కట్టాలని ఎవరికీ తోచలేదు.

కారు మాట్లాడుకుని విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్లాం. గుండె పరీక్ష చేశారు, రక్తం తీసుకున్నారు, సాయంత్రం దాకా ఉంచుకున్నారు. అంతా బాగుందన్నారు. డ్యూటీలో ఉన్న అమ్మాయి డాక్టరు నాక్కూడా పరీక్ష చేసి, "ఇంత కాలం ఎవరూ గమనించలేదా?" అని అడిగింది. తప్పుపడుతూ అడగలేదు గాని, నాకు పెరటి గోడ మీద వేసిన రబ్బరు పట్ట, గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు గుర్తొచ్చాయి. అత్త మంచం మీద కూర్చుని, ఫ్రీజరులో పండుగప్ప ముక్కలు పాడైపోతాయని మాత్రం దిగులు పడింది.

మర్నాడు మెకానిక్ వచ్చాడు. ఫ్రిజ్‌ని గోడ నుంచి లాగి, వెనక కింద భాగంలో రేకు విప్పాడు. లోపల వెచ్చగా ఉండే చోట ఎలుక గూడు పెట్టింది. ధాన్యం పొట్టు, పాత గుడ్డపేలికలు. ఒక తీగ తోలు కొరికేసింది. రాగి బయటపడి రేకుకు ఆనుకుని ఉంది. తీగ మార్చాడు, పూడుకున్న నీళ్ల గొట్టం కూడా బాగుచేశాడు. లేస్తూ, "తీగ తెగినా ఎర్తు ఉంటే మనిషికి కొట్టదు, మీ ప్లగ్గు కాడ ఓసారి సూడండి" అన్నాడు.

బావ స్క్రూడ్రైవరు తీసుకుని గోడకున్న ప్లగ్గు బోర్డు విప్పాడు. ఎర్తుకని వేసే ఆకుపచ్చ తీగ ఉంది. దేనికీ తగిలించకుండా చుట్టచుట్టి లోపల కుక్కేసి ఉంది. ఆ పక్క గ్రైండరు బోర్డు విప్పితే అందులోనూ అంతే. స్నానాలగదిలో గీజరు బోర్డు కూడా విప్పాడు. అక్కడా అదే చుట్ట. ఆ గీజరు కింద తడి ఒళ్లుతో రోజూ నిలబడుతున్నాం.

ఇంటికి తీగలు లాగింది బావ స్నేహితుడే. పిలిస్తే వచ్చి చుట్టలు చూశాడు. గృహప్రవేశం ముంచుకొచ్చిందని, ఎర్తు గొయ్యి తవ్వాక తగిలిద్దామని అలా ఉంచి, ఆ తర్వాత మర్చిపోయానని చెప్పాడు. బావ ఆ పని మళ్లీ అతనికి ఇవ్వలేదు. వేరేవాళ్లు వచ్చి గొయ్యి తవ్వి, ప్రతి బోర్డులోనూ పచ్చ తీగ కలిపి, కరెంటు లీకైతే దానంతటదే మెయిన్ కట్టేసే పెట్టె బిగించారు.

అన్నీ అయ్యాక నేనే ముందు ఫ్రిజ్ తీశాను. తర్వాత అత్త వచ్చింది. కొంగు లేకుండా, ఉత్త చేత్తో పిడి పట్టుకుంది. వదల్లేదు. కాసేపు అలాగే ఉండి నా వైపు తిరిగింది.

"ఇది పనిసేస్తన్నాదంటావా?"

తలుపు తీసి లోపల దీపం చూపించేదాకా ఆవిడకు నమ్మకం కుదరలేదు.

తర్వాత పాత డాక్టరు దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాం. ఆయన కలం కింద పెట్టి మొత్తం విన్నారు. నరాల మాత్రలు మెల్లగా తగ్గించారు. చేతుల్లో జివ్వుమనడం పోయింది. పాదాల్లో తిమ్మిరి మాత్రం ఉంది. అది నిజంగానే షుగరు వల్లనట.

ఆ వారంలోనే ఒకరోజు మా అమ్మ ఫోను చేసింది. శ్రీకాకుళం దాటాక ఒడ్డునున్న మా ఊరు. మాటల్లో మా ఇంటి సంగతంతా చెప్పాను. అయ్యో అంటుంది, ఆశ్చర్యపోతుంది అనుకున్నాను. అమ్మ తాపీగా, "మన గ్రైండరూ అంతేనే. వానాకాలం కొద్దిగా జిమ్మంటాది. సెక్కపీట మీద నిలబడి రుబ్బుకుంటాను. పక్కింటోల మోటరూ అంతే" అంది.

పక్కనే ఉండి వింటున్న అత్త ఫోను అందుకుంది.

"వదినా, ఇను. దాన్నింక ముట్టకు. మావోడొస్తాడు, వొచ్చి సూసినదాకా ముట్టకు" అంది.

బావ అప్పటికే మేకుకు వేలాడుతున్న బండి తాళం అందుకున్నాడు. నేను సంచీలో టెస్టరు, స్క్రూడ్రైవరు, రెండు జతల రబ్బరు చెప్పులు పెట్టి ఇచ్చాను. మధ్యాహ్నానికి ఫోను చేశాడు. గ్రైండరు రేకుకు టెస్టరు ఆనిస్తే ఎర్రగా వెలిగిందని, పక్కింటి మోటరుకీ వెలిగిందని, ఆ వీధిలో ఇంకా ఇళ్లు చూడాల్సి ఉందని, రాత్రికి రానని చెప్పాడు.